పైకుంటే ఏసినట్టు

2018 వేసవి. జమ్మలమడుగు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా చేస్తున్నాను. వేడి ఎంత, ఒత్తిడి ఎంత, ఏ తొట్టిలో సరుకు ఎంత ఎత్తు ఉంది అని చెప్పే పరికరాలను చూసుకోవడం నా పని. సొంతూరు ఖాజీపేట, కాపురం ప్రొద్దుటూరు, రోజూ కంపెనీ బస్సులో రాకపోకలు. ఈ ఉద్యోగానికి తోడు ఇంకో బాధ్యత కూడా అంటగట్టారు. ఆర్.ఎస్.ఓ., అంటే రేడియేషన్ భద్రతకు జవాబు చెప్పవలసిన అధికారి. ముంబయిలో కొన్నాళ్లు శిక్షణ, పరీక్ష, చేతికొక సర్టిఫికెట్.

సిమెంటు ఫ్యాక్టరీలో రేడియేషన్ ఏమిటని మా బంధువులు నవ్వేవాళ్లు. మా జిల్లాలో ఆ మాట ఎత్తితే అందరి ఆలోచనా పులివెందుల వైపు యురేనియం గనుల మీదికే పోతుంది. మా దగ్గర ఉన్నది చాలా చిన్న వస్తువు. చిన్నది కాబట్టే ఎవరికీ గుర్తుండేది కాదు.

సున్నపురాయి పొడి నిలవచేసే పెద్ద ఉక్కు తొట్టిని మేం బిన్ అంటాం. మాకు అలాంటివి మూడు. ఒక్కొక్కటి రెండంతస్తుల ఇంటంత ఎత్తు. ప్రతి బిన్‌కూ నడుము దగ్గర ఒక పక్కన, పసుపు రంగు వేసిన సీసపు డబ్బా బిగించి ఉండేది. దాని లోపల చిటికెన వేలి గోరంత సీజియం. దాన్నే సోర్స్ అంటారు. దాని కిరణాలు బిన్‌ను దాటుకుని అవతలి పక్క పరికరానికి తగిలితే సరుకు అంత ఎత్తుకు రాలేదని అర్థం, తగలకపోతే నిండిందని అర్థం. ఆ కిరణాలను బయటికి వదలడానికీ ఆపడానికీ డబ్బాలో ఒక సీసపు బిళ్ల ఉంటుంది. దాని పేరు షట్టర్. దాన్ని కదిలించే ఇనుప పిడి డబ్బా బయట ఉంటుంది. మా ఫ్యాక్టరీలో ఆ పిడిని అందరూ ‘చేయి’ అనేవాళ్లు.

నేను చేరేనాటికే ఆ డబ్బాలు పాతబడిపోయాయి. బిన్‌లకు కొత్త రాడార్ పరికరాలు వచ్చాయి. అవతలి పక్క పరికరాలు చెడిపోతే ఎవరూ బాగుచేయలేదు. డబ్బాలు మాత్రం అలాగే వేలాడుతూ ఉండిపోయాయి. వాటిని ముంబయిలోని అణుశక్తి సంస్థకు పంపి వదిలించుకోవాలంటే తయారుచేసిన కంపెనీ కాగితం కావాలి. ఆ కంపెనీ రెండుసార్లు చేతులు మారి చివరికి మూతపడింది. నేను ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను, జవాబుగా కొత్త ఫారాలు వస్తూనే ఉన్నాయి.

సీజియం శక్తి సగానికి తరగడానికి ముప్పై ఏళ్లు పడుతుంది. మా ఫ్యాక్టరీలో దాని సంగతి తెలిసిన మనుషులు ముగ్గురు ఉంటే, వాళ్లు తరిగిపోవడానికి అంత కాలం పట్టలేదు. ఒకాయన ఎర్రగుంట్ల రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. ఇంకొకాయన బళ్లారి వైపు ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. మిగిలింది మహబూబ్ బాషా.

బాషా మామ జమ్మలమడుగు మనిషి. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు ఆ డబ్బాలు బిగించడానికి విదేశం నుంచి ఒక ఫిట్టర్ వస్తే, అతనికి పానాలు అందించే కూలీగా చేరాడట. అతను రెండు నెలల్లో వెళ్లిపోయాడు, బాషా మామ ఉండిపోయాడు. చదువు అయిదో తరగతి. కానీ ఏ డబ్బా చేయి ఎంత బరువుగా తిరుగుతుందో, ఎక్కడ పట్టేస్తుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. డబ్బాల మీద ఇంగ్లీషులో ఆన్, ఆఫ్ అని ఉన్న రేకులను ఏనాడో పెయింటింగ్ కాంట్రాక్టర్ మనుషులు పసుపు రంగుతో కలిపి పూసేశారు. డబ్బాలతో వచ్చిన సూచనల పుస్తకాన్ని చెదలు తినేశాయి. ఇదంతా బాషా మామ ఉన్నన్నాళ్లూ ఎవరికీ లోటుగా తోచలేదు.

2016లో ఆయన రిటైరయ్యాడు. ఇంకో రెండేళ్లు ఉంచుకుందామని నేను రెండుసార్లు రాశాను. “మూలన పడ్డ డబ్బాలకు మనిషెందుకయ్యా,” అన్నాడు మా వర్క్స్ మేనేజర్. శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి పంపించారు. ఆఖరి వారమంతా బాషా మామ బిన్‌లు ఎక్కి డబ్బాల దుమ్ము తుడిచి, చేతులకు గ్రీసు పెడుతూ కనిపించాడు. నేను కింద నుంచే చేయి ఊపి పోయాను. ఎక్కి పక్కన నిలబడి చూసి ఉండాల్సింది. నాకు ఆ వారం ఆడిట్ ఉంది.

ఇక అసలు సంగతి. ఆ మే నెలలో షట్‌డౌన్ పెట్టారు, అంటే మరమ్మతుల కోసం ఫ్యాక్టరీ మొత్తం ఆపడం. మూడో బిన్ లోపలి గోడ అరగకుండా తొడిగిన లైనర్ ప్లేట్లు అరిగిపోయాయి. ఒక వెల్డర్ లోపలికి దిగి కొత్తవి అతికించాలి. వచ్చినవాడు ఓబులేసు. తొండూరు దగ్గర పల్లె, ఇరవై ఆరేళ్లు, పెళ్లయి రెండేళ్లు. కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో బాయిలర్ వెల్డింగ్ చేసి చేయి తిరిగినవాడు. కాంట్రాక్టర్ కింద రోజుకూలీ.

మనిషి లోపలికి దిగే ముందు షట్టర్ మూసి ఉందో లేదో చూసి వర్క్ పర్మిట్ మీద నేను సంతకం చేయాలి. చూడడమంటే కంటితో కాదు. సర్వే మీటర్ అని చేతిలో పట్టే పరికరం ఉంటుంది, రేడియేషన్ ఉంటే ముల్లు లేస్తుంది. మీటరు లేకుండా ఎవరినీ పంపరాదని నేనే పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించాను. ఆ రోజు మీటరు లేదు. సరిచూపు కోసం, అంటే కొలత సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించడానికి, చెన్నైకి పంపితే తిరిగి రాలేదు.

“నాలుగు రోజులాగుదాం సార్,” అన్నాను.

“నాలుగు రోజులా? ఆ డబ్బా పని చేసి ఎన్నేండ్లయింది? మూసేసి సంతకం పెట్టు,” అన్నాడు మేనేజర్.

నేను వాదించలేదు. బాషా మామకు ఫోన్ చేస్తే పోతుంది కదా అనుకున్నాను. ఆయనకు తెలిస్తే మీటరుకు తెలిసినట్టే అని నా నమ్మకం. నిజానికి అది తప్పుడు నమ్మకం కూడా కాదు. ఆయనకు తెలుసు.

అప్పటికి ఆయన పులివెందులలో కూతురి దగ్గర ఉంటున్నాడు. బిన్ నిచ్చెన మీద నిలబడే ఫోన్ చేశాను.

“బాషా మామా, నేను. మూడో బిన్ కాడ ఉండా. ఆ సీసం డబ్బా చేయి ఎటుంటే ఏంది?”

“మనిషి లోపలికి దిగుతాండాడా సార్?”

“అవు.”

“చూడు సార్, పైకుంటే ఏసినట్టు, కిందికుంటే తీసినట్టు. అంతే.”

“పైకుంటే ఏసినట్టు, కిందికుంటే తీసినట్టు,” అని అప్పజెప్పాను. శిక్షణలో అలాగే నేర్పారు. విన్నది తిరిగి చెప్పాలి, అవతలి వాళ్లు అవునన్నాకే ముట్టుకోవాలి.

“ఆఁ, అదే. నేను వచ్చేటప్పుడు గ్రీసు పెట్టే వచ్చినా. శానా సుళువుగా తిరుగుతాది. పైలం సార్.”

చేయి పైకి ఉంది. అంటే వేసే ఉంది! రెండేళ్లుగా దీన్ని ఇలా వేసి వదిలి పోయాడా ఈ పెద్దమనిషి అని కాస్త కోపం కూడా వచ్చింది. చేయి పట్టుకుని కిందికి తిప్పాను. వెన్నలో వేలు పెట్టినట్టు దిగింది. పర్మిట్ మీద ‘షట్టర్ ఆఫ్’ అని రాసి సంతకం పెట్టాను.

ఓబులేసు కింద టోపీ సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు. డబ్బా మీద రేడియేషన్ గుర్తు ఉంటుంది, మూడు రెక్కలది. దాన్ని చూపించాడు.

“ఈ ఫ్యాను బొమ్మేంది సార్? లోపల ఫ్యాను పెట్టినారేమో, చల్లగా ఉంటాదిలే అనుకుంటి,” అన్నాడు నవ్వుతూ.

“ఫ్యాను కాదప్పా. కిరణాలు వచ్చే డబ్బా. ఏం భయం లేదు, తీసేసినా.”

“తీసేస్తే సరే సార్,” అని లోపలికి దిగాడు.

మూడు రోజులు చేశాడు. పొద్దున దిగితే మధ్యాహ్నం అన్నానికి పైకొచ్చేవాడు, మళ్లీ దిగి సాయంత్రానికి వచ్చేవాడు. పని శుభ్రంగా చేశాడు. నాలుగో రోజు పొద్దున మీటరు పార్సిల్ వచ్చింది. పేపర్ మీద ఒక అంకె రాసుకుంటే సరిపోతుందని మూడో బిన్ ఎక్కాను. ముల్లు లేచింది. మీటరే చెడిపోయిందనుకున్నాను. కిందికి దిగి ఆఫీసు గదిలో చూస్తే పడుకుంది. మళ్లీ ఎక్కాను, మళ్లీ లేచింది. బిన్ తలుపులోంచి చేయి చాపి లోపల పెడితే ముల్లు ఆ చివరకు కొట్టుకుంది.

చేయిని పైకి తిప్పాను. ముల్లు పడిపోయింది.

నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయాను. షట్టర్ మూసే ఉంది. రెండేళ్లుగా మూసే ఉంది. మనిషి దిగే ముందు ఎక్కి తెరిచింది నేను. ఆ డబ్బా జోలికి పోకుండా పర్మిట్ మీద గుడ్డిగా సంతకం పెట్టే బద్ధకపు ఇంజనీరు ఎవడైనా ఆ రోజు నా స్థానంలో ఉంటే ఓబులేసుకు ఏమీ అయ్యేది కాదు.

ఆ మధ్యాహ్నమే ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను. ఫోన్లో అడిగే సంగతి కాదనిపించింది. బాషా మామ నన్ను చూసి సంబరపడి, కూతురికి టీ పెట్టమని కేక వేశాడు. నేను జరిగింది చెప్పాను.

“కిందికి తిప్పితివా? కిందికుంటే తీసినట్టని చెప్తి గదా సార్.”

“తీసినట్టంటే ఆఫ్ అనుకుంటిని మామా.”

“ఆఫేంది సార్? తలుపు తీసినట్టు! లోపలుండేది సీసం తలుపు గదా. తలుపు ఏసినట్టు, తలుపు తీసినట్టు.”

“నేను లైటనుకుంటిని. లైటు ఏసినట్టు, లైటు తీసినట్టు.”

అప్పుడు అర్థమైంది ఇద్దరికీ. తలుపు వేస్తే మూసినట్టు, లైటు వేస్తే వెలిగినట్టు. తలుపు తీస్తే తెరుచుకుంటుంది, కరెంటు తీస్తే ఆగిపోతుంది. పుట్టినప్పటి నుంచి ఇద్దరం ఇదే తెలుగు మాట్లాడుతున్నాం, ఒక్కనాడూ తడబడలేదు. ఎదురుగా తలుపో లైటో కనిపిస్తుంటే ఎవడు తడబడతాడు? ఆయన కళ్లకు ఆ డబ్బా ఎప్పుడూ తలుపే, ఎందుకంటే విప్పి లోపల చూసినవాడు. నేను జీవితమంతా స్విచ్చులతో బతికినవాణ్ణి, దాన్ని లోపల చూడనివాణ్ణి. ఒకే మాటను ఇద్దరం ఒకరికొకరం అప్పజెప్పుకుని, సరేనంటే సరేననుకుని ఫోన్ పెట్టేశాం.

బాషా మామ నుదురు కొట్టుకున్నాడు.

“మూసినట్టు అని ఒక్క మాట అనింటే పాయె గదా సార్. ఒక్క మాట. యా అల్లా... ఎవురి బిడ్డ సార్ ఆ పిల్లోడు?”

కూతురు తెచ్చిన టీ ఇద్దరం ముట్టుకోలేదు. ఆయన తప్పేమీ లేదని చెప్పాను. ఆయన వినలేదు. నేనూ ఆయన మాట వినలేదు. తప్పును ఎవరికి వారే ఎత్తుకున్నాం.

మర్నాడు నేను ముంబయి నియంత్రణ అధికారులకు రిపోర్టు పంపాను. పంపడానికి ముందు మేనేజర్ గదిలో పెద్ద రభస జరిగింది. చివరికి రిపోర్టు ఆపలేమని తెలిసి, ఆయన ఒక్కటే అడిగాడు.

“వానికి మాత్రం చెప్పొద్దు. కండ్లకు కనపడదు, నొప్పి లేదు. తెలీకుంటే హాయిగా బతుకుతాడు. చెప్తివా, ఆ భయంతోనే చస్తాడు.”

నాకు ఒళ్లు మండింది. మనిషి ఒంటి సంగతి మనిషికి చెప్పొద్దంటాడా అని. చెప్పాను. ఆ మేనేజర్ మీద నాకు ఎన్నో కోపాలున్నాయి, వాటన్నిటిలో పెద్దది ఇది. ఆయన చెప్పినట్టే జరిగింది.

ఓబులేసును కూర్చోబెట్టి వివరించాను. తప్పు నాదని చెప్పాను. అతను అరవలేదు, తిట్టలేదు. ఒకటే అడిగాడు.

“ఎంత తగిలింది సార్?”

ఆ ప్రశ్నకు జవాబు కోసం నేను చేయని ప్రయత్నం లేదు. పర్మనెంటు వాళ్లకైతే ఛాతీకి పెట్టుకునే బ్యాడ్జి ఉంటుంది, ఎంత రేడియేషన్ తగిలిందో అందులో నమోదవుతుంది. కాంట్రాక్టు మనిషికి బ్యాడ్జి లేదు. లెక్క కట్టాలంటే ఏ ప్లేటు దగ్గర ఎంతసేపు ఉన్నాడో తెలియాలి.

“గుర్తుల్యా సార్. వెల్డింగు చేసేటోనికి యాడ కూసున్నాడో గుర్తుంటాదా? కండ్లముందర మంట తప్ప ఏం కనపడదు. ఒక్కోసారి ఈపు నొప్పెట్టి గోడకు ఆనుకుంటి. ఏ గోడకంటే ఎట్ల చెప్పేది?”

డబ్బా ఉన్న వైపు గోడకు ఆనుకున్నాడా, అవతలి వైపా అన్నదాన్ని బట్టి నా లెక్క కొండంత మారిపోతోంది. అతని రక్తం పరీక్షకు ముంబయి పంపాం. వర్షాకాలం తర్వాత జవాబు వచ్చింది. ఈ పరీక్ష పట్టగలిగినంత పెద్ద మోతాదు కనిపించలేదు, అంతకు తక్కువైతే పరీక్ష చెప్పలేదు అని దాని సారాంశం. పెద్ద గండం లేదన్నమాట. ఆ కాగితం నా వరకు ఊరట. అతనికి అందులో ఒక్క ముక్కే వినపడింది.

“చెప్పలేరంట,” అన్నాడు.

అప్పటికే సంగతి పాకిపోయింది. కాంట్రాక్టర్లు ఓబులేసు పేరును గేట్ పాస్ జాబితాల్లోంచి తీసేశారు. కలమల్లలో కూడా పిలవలేదు. అతను తాగిన గ్లాసు వేరే పెట్టేవాళ్లట టీ బంకులో. ‘ఫ్యాను ఓబులేసు’ అని పేరు పెట్టారు. భార్య లక్ష్మీదేవిని ఆమె నాయన వచ్చి తీసుకుపోయాడు. అల్లుడి పక్కన పడుకుంటే కూతురికీ అంటుకుంటుందని.

ఇది తెలిసి నేను వాళ్ల పల్లెకు పోయాను. లక్ష్మీదేవి నాయన, ఓబులేసు, ఇంకో నలుగురైదుగురు పెద్దలు అరుగు మీద కూర్చున్నారు. దీపం వెలుతురు మన మీద పడుతుంది గానీ, దీపం ఆర్పాక ఆ వెలుతురు మన ఒంటికి అంటుకుని ఉండదు కదా, ఇదీ అంతే అని చెప్పాను. తెలిసినంతా, చేతనైనంత తేలిగ్గా చెప్పాను. ఆ పెద్దాయన ఓపికగా అంతా విన్నాడు.

“ఆ చేయి తిప్పింది నువ్వే గదా సార్?” అన్నాడు.

“నేనే.”

“అప్పుడు గూడా ఏం భయం లేదని నువ్వే చెప్తివంట గదా వానికి?”

“అవును.”

“మళ్ల ఇప్పుడూ నువ్వే చెప్తాండావు.”

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు, నేనేం జవాబు చెబుతానో విందామని. మీటరు సరిచూపుకు పంపితే ముద్ర వేసి తిరిగి పంపిస్తారు. మనిషి మాట చెడిపోతే ఎక్కడికి పంపాలో నాకు తెలియదు.

ఆ ఏడాది ఆదివారాలు నేను పులివెందులకు పోవడం మొదలుపెట్టాను. ఒకటో బిన్, రెండో బిన్ డబ్బాలు ఇంకా ఉన్నాయి. బాషా మామకు తెలిసిందంతా రాసిపెట్టుకోవాలని నోటుబుక్కు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆయన చెప్పే ప్రతి వాక్యంలోనూ ఏసేది, తీసేది వచ్చేవి. ప్రతిసారీ ఆపి అడిగేవాణ్ణి.

“మూసినట్టా మామా, తెరిచినట్టా?”

“మూసినట్టు సార్, మూసినట్టు. రాసుకో. కింద గీత గూడా కొట్టు.”

అంతవరకు బాగానే ఉండేది. ఆ తర్వాతే చిక్కు. రెండో బిన్ చేయి ఒక్కోసారి పైకి వెళ్లినా లోపలి బిళ్ల పూర్తిగా రాదట. అప్పుడు కొంచెం వెనక్కి వదిలి మళ్లీ ఎత్తాలట. ఎంత వెనక్కి అని అడిగితే చేతిని గాలిలో అటూ ఇటూ తిప్పి చూపించేవాడు.

“చెప్తే రాదు సార్. బిళ్ల కూసుంటే చేతికి ఒక బరువొస్తాది. ఆ బరువు తెలియాల.”

ఆ బరువు నాకు తెలియాలంటే ఆయన చేయి నా చేయి కలిసి ఆ పిడి మీద ఉండాలి. ఆయనను ఫ్యాక్టరీలోకి తీసుకుపోవడానికి పాస్ అడిగాను. వయసు దాటిన బయటి మనిషిని నిచ్చెన ఎక్కించడం భద్రతా నియమాలకు విరుద్ధమని రాసి తిప్పిపంపారు. భద్రతా నియమాలు! ఆ కాగితం చూసి ఎంత నవ్వొచ్చిందో అంత ఏడుపొచ్చింది. ఆయన ఒకసారి నాకు చెప్పకుండా బస్సెక్కి గేటు దాకా వచ్చాడు కూడా. సెక్యూరిటీ వాడు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, మర్యాదగానే తిప్పి పంపాడు.

కరోనా రెండో దఫాలో బాషా మామ పోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్లిన మూడో రోజుకే అయిపోయింది. నేను మట్టికి కూడా పోలేకపోయాను. రెండో బిన్ చేతి బరువు ఆయనతోనే పోయింది.

మూడో బిన్ డబ్బాను అంతకు ముందే ముంబయి వాళ్లు వచ్చి విప్పుకుపోయారు. అంత గొడవైంది కాబట్టి దానికి కాగితాలు దొరికాయి. మిగతా రెండూ అక్కడే ఉన్నాయి. నన్ను ఆర్.ఎస్.ఓ. బాధ్యత నుంచి తప్పించి కొత్త ఇంజనీరును పెట్టారు. బుద్ధిమంతుడు. నోటుబుక్కు ఇస్తే శ్రద్ధగా చదివి తెచ్చాడు.

“సార్, ‘చేతికి బరువొస్తే ఆపాల’ అని రాశారు. ఎంత బరువు సార్?”

నాకు తెలియదన్నాను. అతను పెన్సిలుతో ఆ వాక్యం పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. ఆ తర్వాత వచ్చేవాడు దాన్ని రాత తప్పనుకుని చెరిపేస్తాడు. నాకు అందులో అనుమానమేమీ లేదు.

లక్ష్మీదేవి ఏడాదిన్నర తర్వాత ఎవరి మాటా వినకుండా తనంతట తానే మొగుడి దగ్గరికి వచ్చేసింది. ఓబులేసు ఇప్పుడు బండల పాలిషింగ్ మిషన్ దగ్గర పని చేస్తున్నాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేసే చేటు ఏమిటో నేను ఖచ్చితంగా చెప్పగలను, దాని గురించి మాత్రం అతను ఎప్పుడూ అడగడు. రెండు మూడు నెలలకొకసారి నాకు ఫోన్ చేస్తాడు. ముక్కులోంచి రక్తం వచ్చింది సార్, అదేనా? జుట్టు ఊడుతాంది సార్, అదేనా? జరం తగ్గల్యా సార్. నేను కాదు కాదని చెబుతూ వచ్చాను. డాక్టర్లను అడిగి మరీ చెప్పేవాణ్ణి. ఎండకు ముక్కులోంచి రక్తం కారడం, మామూలు జుట్టు, మామూలు జ్వరం. ఫోన్ పెట్టేటప్పుడు ప్రతిసారీ “సరే సార్” అంటాడు. ఆ సరేలో నమ్మకం లేదని నాకు తెలుసు.

పోయినేడు శ్రావణంలో ఫోన్ వచ్చింది. ఆడపిల్ల పుట్టిందట. గొంతులో సంతోషం ఉంది, దాని అడుగున ఇంకేదో ఉంది. తల్లీ బిడ్డా బాగున్నారా అని అడిగాను.

“బాగుండారు సార్. పిల్లకు ఎడమచేతికి ఆరు వేళ్లుండాయి.”

ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

“ఊర్లో అందురూ అదృష్టం అంటాండారు సార్. మా మామైతే, నాతో నాలుగేండ్లు మాట్లాడనోడు, బొరుగులు బెల్లం పంచినాడు. లక్ష్మీ పుట్టిందని. అందురూ నవ్వుతాండారు. నేనొక్కణ్ణే సార్...” అని ఆగాడు. “ఇది అదృష్టమా, అదా? నువ్వు చెప్పు సార్.”

ఆరో వేలు ఎందరికో ఉంటుంది. ఏ డబ్బా ముఖమూ చూడని తల్లిదండ్రుల పిల్లలకూ ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉండే అవకాశం లేదంటే లేనట్టే. ఇదంతా అతనికి చెప్పాను. ఓపికగా విన్నాడు.

“తెల్సి చెప్తాండావా సార్, అనుకొని చెప్తాండావా?”

అంతకాలం అతనికి కాదు, కాదు అని చెప్పినవాణ్ణి, ఆ రోజు ఎందుకో అలా చెప్పలేకపోయాను. అతను అడుగుతున్నది ఎందరి పిల్లలకో ఏమవుతుందని కాదు. తన పిల్ల గురించి, ఆ ఒక్క చేయి గురించి. ఎంత తగిలిందో తెలియని మనిషికి ఏం కాలేదని చెప్పడానికి నా దగ్గర ఏముంది?

“తెలీదప్పా,” అన్నాను.

అవతల నుంచి పసిపిల్ల ఏడుపు, ఎవరో ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి.

“ఇన్నేండ్లకు ఒక నిజం చెప్తివి సార్,” అన్నాడు ఓబులేసు. తిట్టినట్టు లేదు. ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత అతను నాకు మళ్లీ చేయలేదు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్న పాఠం ఏమిటని కుర్రవాళ్లు అడుగుతుంటారు. పెద్ద పాఠమేమీ లేదు. ఆ మే నెలలో మూడో బిన్ నిచ్చెన మీద చేయి పట్టుకుని నిలబడ్డప్పుడు, కింద ఒక మనిషి టోపీ సర్దుకుంటూ నా మాట కోసం చూస్తున్నప్పుడు, ఆ మూడక్షరాల మాట నాకు రాలేదు. తెలీదు అని ఉంటే అతను నాలుగు రోజులు ఆగేవాడు.